సేవయు జీతమును

గడచిన జూన్ మాసమున బడులు తెఱచినప్పుడు, క్రొత్తగాఁ జేరిన పిల్లలు నింపి తెచ్చిన పత్రములను సరిచూచు పని మా పాలఁ బడినది. అందు తండ్రి వృత్తికి నొక గడియు, తల్లి వృత్తికి నొక గడియుఁ గలవు. పొలము గలవారి బిడ్డలు వ్యవసాయమనియు, కచేరీలలోఁ బనిచేయువారి బిడ్డలు ఉద్యోగమనియు సందేహింపక వ్రాసిరి. ఒక బాలుఁడు మాత్రము తండ్రి వృత్తి యనుచోట “ఏమీ లేదు, ఆటో నడుపుతారు” అని వ్రాసియుండెను. మఱియొక బాలిక తల్లి వృత్తి యనుచోట “ఖాళీ” యని వ్రాసినది. పిలిచి యడుగఁగా, తల్లి రాత్రివేళ నొక ఆసుపత్రిలో ఆయాగాఁ బనిచేసి తెల్లవాఱిన పిమ్మట నిల్లు చేరునని చెప్పి, “అది ఉద్యోగం కాదు గదండీ, మాస్టారూ!” అని మమ్మే తిరిగి యడిగినది.

ఆ బిడ్డల తప్పేమియు లేదు. ఇంటను వీథిలోను పెద్దలమగు మనము మాటలాడుకొను తీరే వారి కలములనుండి వెలువడినది. పండించుట పని, నేయుట, కట్టుట, కొలిమియొద్ద సుత్తె పట్టుట పని, బల్లయొద్దఁ గూర్చుండి నెలజీతము గొనుట ఉద్యోగము. మోయుట, వడ్డించుట, ఊడ్చుట, కావలికాయుట, రోగికిఁ బ్రక్క సర్దుట మాత్రము పనులలోఁ జేరనట్లే మన వాడుక. ఇది మాటలోని చిన్న పొరపాటని మేము తలంపము. దీనివలన ననేకుల కూలి తఱుగుచున్నది.

ఈ పొరపాటు మనదేశమున మాత్రమే పుట్టినది కాదు. అర్థశాస్త్రమునకు మూలపురుషుఁడుగా నెంచఁబడు ఆడమ్ స్మిత్ 1776లోఁ బ్రకటించిన తన మహాగ్రంథమున, వస్తువునందు నిలిచియుండు శ్రమ ఫలవంతమైనదనియు, చేసిన క్షణముననే నశించు శ్రమ యట్టిది కాదనియు విభజించెను. ఈ రెండవ పంక్తిలో నింటి నౌకరులతోపాటు మతాచార్యులను, న్యాయవాదులను, వైద్యులను, పండితులను, నటులను, గాయకులను, విదూషకులను గూడఁ గూర్చుండఁబెట్టెను. ఆయనయు గ్లాస్గో విశ్వవిద్యాలయమున నాచార్యుఁడుగా నుండినవాఁడే. కావునఁ దన విస్తరిని దానే యా పంక్తిలో వేసికొనెనని నవ్వుకొనవచ్చును. ఆయన వారిని నిందింపలేదు. వారి పని గౌరవనీయము, ప్రయోజనకరము కావచ్చుననియే చెప్పెను. కాని నిష్ఫలమను ముద్ర మాత్రము జనుల మనస్సులలో నిలిచిపోయినది.

తరువాత 1935లో ఆలన్ ఫిషర్, 1940లో కోలిన్ క్లార్క్ అను నర్థశాస్త్రజ్ఞులు సేద్యము మున్నగువానిని మొదటి రంగమనియు, పరిశ్రమలను రెండవ రంగమనియు, తక్కిన వృత్తులను మూఁడవ రంగమనియు వరుసపెట్టిరి. తక్కిన వృత్తులనఁగా సామాన్యమైన బుట్ట కాదు. బ్యాంకి, బడి, రైలు, తపాలా, ఆసుపత్రి, న్యాయస్థానము, హోటలు, క్షౌరశాల, కిరాణాకొట్టు, వార్తాపత్రిక, ప్రభుత్వము – అన్నియు నందులోనివే. దేశము సంపన్నమగుకొలఁది జనులు మొదటి రంగమునుండి రెండవదానికి, అందుండి మూఁడవదానికిఁ దరలుదురని క్లార్క్ చూపెను. మనదేశములో నీ బుట్ట మిక్కిలి బరువెక్కినది. 2024-25 సంవత్సరపు ఆర్థిక సర్వే ప్రకారము దేశమున నుత్పత్తియగు విలువలో సేవారంగము వంతు నూటికి సుమారు 55. మూఁడవదనఁగానే తరగతిలో మూఁడవవాఁడని యెంచువారు ఈ లెక్కను చూడవలయును.

రైతు అన్నదాత యని మనమందుము, సత్యమే. కాని ధాన్యము ఆకలిగొన్నవానియొద్దకుఁ జేరనిచో నేమగునో తెలుఁగుదేశము 1832-33లో, నందననామ సంవత్సరపుఁ గఱవున, కన్నులారఁ జూచినది. గుంటూరు మండలమున నుండిన సుమారు 5 లక్షల జనులలో లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. వానలు లేమి మొదటి కారణము. అయినను వేఱొకచోటనుండి గింజలు తెప్పించుటకుఁ దగిన బాటలు లేవు. రైలు మనదేశమునకు రానేలేదు. కఱవునకు నింగి యెంత కారణమో, త్రోవ లేమియు నంత కారణమని చెప్పుటకు మేము జంకము.

ఆ తరువాతి తరమున ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించెను. కాలువలను నీరు పాఱుటకే గాక పడవలు నడచుటకుఁ గూడఁ దగినట్లు లాకులతోఁ గట్టిరి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ – వీని వెంట కాకినాడనుండి మద్రాసుదాఁక పడవ నడచెడిది. నీటివలన వరి పెరిగినదని యందఱును జెప్పుదురు. ఆ వరి పొరుగూరికిఁ జేరి ధర తెచ్చుకొన్నది గట్టుమీఁదనుండి త్రాళ్లతోఁ బడవలను లాగినవారివలన, గడవేసిన సరంగులవలన, అర్ధరాత్రమునను లేచి లాకుతలుపులు త్రిప్పినవారివలన. కాటన్ దొరకు విగ్రహములు గలవు, ఉండఁదగినవే. త్రాడు లాగినవారికిఁ బేరైనను లేదు. మఱియు 1900లో రాజమహేంద్రవరమునొద్ద హేవ్‌లాక్ వంతెన తెఱవఁబడువఱకు రైలులో వచ్చినవాఁడు గోదావరి యొడ్డున దిగి పడవ యెక్కి దాఁటవలసినవాఁడే. ఆ వంతెన యొక్క గింజనైనను బండింపలేదు. కాని యెన్ని గాదెలకు విలువ కలుగఁజేసినదో లెక్కింపఁ దరమా?

ధాన్యమునకు త్రోవ యెట్టిదో ధనమునకు బ్యాంకి యట్టిది. 1923 నవంబరు 28వ తేదీన మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకు పని ప్రారంభించినది. చెల్లింపఁబడిన మూలధనము లక్ష రూపాయలు. స్థాపకులు డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోఁ జదివి, వైద్యవిద్య ముగించి, బందరులో రోగులకు మందిచ్చినవారు. అప్పునకు వడ్డీవ్యాపారి తప్ప వేఱు దిక్కెఱుఁగని రైతులున్న కాలమది. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులోఁ గలిసిపోవుటచే బందరులోఁ బుట్టిన పేరు చెరిగినది. మాబోఁటి పెద్దవారికి దాని బోర్డు నేఁటికిని గన్నులఁ గట్టినట్లుండును. బ్యాంకువాఁడు నాగలి పట్టలేదు, మగ్గ మెక్కలేదు. విత్తునకును కోఁతకును నడుమ నున్న నెలలను దాఁటించుటయే యాతని పని. సరంగు నదిని దాఁటించినట్లే.

తలిదండ్రులు మాతోఁ దఱచుగాఁ జెప్పు మాట యొకటి గలదు. బట్టలు, గడియారములు, మాటలాడు యంత్రములు నానాఁటికి చౌకయగుచుండఁగా, బడి రుసుమును ఆసుపత్రి ఖర్చును ఏల పెరుగుచున్నవని వారి ప్రశ్న. దీనికి 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అను అమెరికా పండితులు రంగస్థలకళల ఆదాయవ్యయములను పరిశీలించుచు నొక సమాధానము చూపిరి. మరమగ్గము వచ్చినపిమ్మట నొక్కఁడు పదిమంది నేఁతను నేయఁగలడు. కాని నలుగురు వాద్యకారులు కూడి వాయింపవలసిన దానిని ఇద్దఱు సగము కాలమున వాయింపఁజాలరు. మన సంగీతములోఁ జెప్పవలెనన్న, త్యాగరాజస్వామివారి పంచరత్నకృతిని ఆయన కాలమునఁ బాడుటకుఁ బట్టినంత సేపే నేఁడును బట్టును. బడియు నంతే. కూడికలలో దశకము మోసికొనిపోవుట తెలియని బిడ్డ ప్రక్కను జేరి, ఆ బిడ్డకుఁ దెలియువఱకుఁ గూర్చుండుటకు అడ్డుదారి లేదు. మిల్లులోని జీతము పెరిగినకొలఁది బడిలోని జీతమును బెరుగవలసినదే. లేనిచో బడిలో నుండువాఁ డెవఁడు? కావున రుసుము పెరుగుట యంతయు దోపిడి కాదు. దోఁచుకొను బడులు లేవని మేమనుట లేదు. వానిని తలిదండ్రులు మాకంటె బాగుగా నెఱుఁగుదురు.

పల్లెలలోఁ బుట్టి పెరిగినవారికి సేవావృత్తులు క్రొత్త కావు. పూర్వము ఊరికి పన్నెండుగురు ఆయగాండ్రుండెడివారు. కరణము, తలారి, పురోహితుఁడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరుకట్టువాఁడు మున్నగువారు వారిలోనివారు. కళ్లమున రాశి కొలుచునపుడే వారి మేరలు తీయవలయును. ధాన్యము రైతు గాదెకుఁ జేరకమునుపే చాకలి పాలును, మంగలి పాలును వేఱగును. సంవత్సరమంతయుఁ జేసిన పనికి అది బిచ్చము కాదు, హక్కు. ఆ ఏర్పాటులో మెచ్చఁదగినది మాకీ యొక్కటియే కనఁబడుచున్నది. తక్కినది చెప్పుకొనిన సిగ్గుచేటు. చాకలి కొడుకు చాకలియే కావలయును. మేర చాలలేదని పని మానుటకు వీలులేదు. ఊరి వెలుపల వాడలనుండి పిలిపించి కూలి లేకయే వెట్టి చేయించుకొనుట పెద్దఱికముగా నుండెను. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణముచే వెట్టిని నిషేధించినది. మిషను బడులలోఁ బెక్కింటిలో మొదట పలక పట్టినది ఆ వెట్టివారి బిడ్డలే.

ఇఁక సేవ యను మాటకు వత్తము. దేవాలయమునఁ జేయునది సేవ. ముదుసలి తల్లికి బిడ్డ చేయునది సేవ. దేశముకొఱకు చెఱసాల కేఁగినది సేవ. ఈ పూజ్యమైన మాటనే కూలికిఁ జేయు పనులన్నింటికిని బెట్టుకొంటిమి. దానివలన నొక మాయ పుట్టినది. వస్తువు నమ్మి వెల యడుగుట న్యాయముగాఁ దోఁచును. సేవ చేసి వెల యడుగుట లోభముగాఁ దోఁచును. ఈ మాయ ప్రభుత్వములకుఁ గూడ నచ్చినది. బడులలో మధ్యాహ్నభోజనము వండు స్త్రీలకు 2009లోఁ గేంద్రప్రభుత్వము నెలకు 1000 రూపాయలని నిర్ణయించినది. పదునైదేండ్లు గడచినను ఆ మొత్తము పెరుగలేదు. పెక్కు రాష్ట్రములు తమవంతు చేర్చి కొంత హెచ్చించినవి. దానికి జీతమని పేరు పెట్టలేదు, గౌరవవేతన మనిరి. 2005లో మొదలైన గ్రామీణారోగ్య పథకముతో నేర్పడిన ఆశా కార్యకర్తల సంగతియు నట్టిదే. గర్భిణిని నడిరేయి ఆసుపత్రికిఁ దోడ్కొనిపోవు స్త్రీ ఉద్యోగిని కాదఁట, స్వచ్ఛంద కార్యకర్త యఁట! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో వారి మొత్తమును 3000 రూపాయలనుండి 10,000 రూపాయలకుఁ బెంచినది, మేలు. పేరు మాత్రము మాఱలేదు. గౌరవమును వేతనమును ఒకే మాటలోఁ గట్టి, రెంటిని జాలీచాలకుండ నిచ్చుట మన కాలపుఁ జమత్కారము.

సేవ యనఁగా నేమో డొక్కా సీతమ్మగారు చూపినారు. గోదావరి లంకలలోని గన్నవరమున నామె యిల్లు ఆకలిగొన్నవానికి వేళగాని వేళను గూడఁ దెఱచియుండెడిది. ఆమె 1909లో స్వర్గస్థులైరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. సముచితమైన పని. కాని యొక సంగతి మఱవరాదు. ఆమె పెట్టినది తన యింటి బియ్యము. కరఁగినది తన యాస్తి. అలసినవి తన చేతులు. కావున నది దానము. బిడ్డలను బోషించుకొనుటకై పొయ్యియొద్దకు వచ్చిన వంటామె చెమటను దక్కువ వెలకుఁ గొని, మిగిలినదానికి సేవ యని పేరు పెట్టినచో, ఆ దాన మెవరిది? ఇచ్చుచున్నది ఆమె, ఇచ్చెదవా యని యామె నడిగినవారు లేరు. ఎవని సొమ్మును వాఁడు దానము చేయవచ్చును గాని పొరుగువాని కూలిని దానము చేయరాదు.

మన బడి ప్రార్థనలలోఁ బ్రతి సంవత్సరమును వినిపించు ఘట్టమొకటి గలదు. క్రీస్తు ప్రభువు కడపటి విందురాత్రి శిష్యుల పాదములు గడిగెను. తువాలు నడుమునకుఁ గట్టుకొన్నది ఆయనయే. నౌకరు నొకనిఁ బిలిచి నీవు వీరి పాదములను గడుగుము, ఇది సేవ, కూలి యడుగకుము అని చెప్పలేదు. ఈ భేదమును బోధించుట మాబోఁటివారికి సులభము; పాటించుటలోఁ గష్టము గలదని ఒప్పుకొనుచున్నాము.

సేవారంగమను మేడకు రెండంతస్తులున్నవి. పై యంతస్తు అందఱికిఁ గనఁబడును. 1998 నవంబరు 22న హైదరాబాదులో సైబర్ టవర్సును నాఁటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించినది మొదలు తెలుఁగు తలిదండ్రుల కన్నులు ఆ కట్టడమునే చూచుచున్నవి. 2022-23 నాటికి తెలంగాణమున సమాచారసాంకేతిక రంగమునఁ బనిచేయువారు సుమారు 9 లక్షలు. వారి యార్జనవలన ననేక కుటుంబములు అప్పులు దీర్చినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవి. మన పూర్వవిద్యార్థులు ఏటేట పంపు విరాళములలోను దాని పాలు గలదు. మేము దానిని దూషింపము. కాని యా కట్టడములోని ప్రతి బల్లకును వెనుక కారు నడుపువాఁడు, వసతిగృహమున వండు స్త్రీ, ద్వారపాలకుఁడు, మూత్రశాల కడుగు స్త్రీ, వర్షములోఁ దడిసి యన్నపుఁబొట్లము తెచ్చు బాలుఁడు కలరు. వీరు క్రింది యంతస్తు. వీరి జీతములు పైవారి జీతములతోఁ గలిపి లెక్కించి సేవారంగము వృద్ధిపొందినదని పత్రికలు వ్రాయును. 2023-24 సంవత్సరపు ప్రభుత్వ శ్రామికసర్వే ప్రకారము పనిచేయువారిలో సేవారంగముననున్నవారు నూటికి సుమారు 30, సేద్యముననున్నవారు 46. ముప్పదిమంది సగముకంటె నెక్కువ విలువను సృష్టించుచున్నారనుట వినుటకింపుగా నున్నది. ఆ ముప్పదిమంది నడుమ నదెట్లు పంచఁబడుచున్నదో మొత్తపు లెక్క చెప్పదు.

చరవాణిలో నాజ్ఞవచ్చిన వెంటనే పరుగెత్తు వృత్తివారు 2020-21లో దేశమున 77 లక్షలుండిరని నీతి ఆయోగ్ అంచనా. 2029-30 నాఁటికి 2 కోట్ల 35 లక్షలగుదురని దాని యూహ. వీరిని భాగస్వాము లందురు! లాభములో భాగము లేదు. బండి పడి కాలు విఱిగినపుడు నష్టము మాత్రము సంపూర్ణముగా వారిదే. 2020లోఁ జేసిన సామాజిక భద్రతాస్మృతి వీరిని మొదటిసారిగాఁ బేరుపెట్టి పేర్కొన్నది. శాసనమునఁ బేరెక్కుట మొదటి మెట్టు. కరణము చిట్టాలో నెక్కని భూమికి హక్కు లేనట్లే, చట్టములో నెక్కని పనికిఁ గూలి నిలువదు.

కొందఱు మిత్రులు మాతో వాదించిరి. క్రింది యంతస్తువారి జీతములు పెంచినచో సామాన్య గృహస్థునకు భారమగును గదా, ఆయాను పెట్టుకొనలేని రోగికి దిక్కేది యని. ఈ యాక్షేపణ త్రోసివేయఁదగినది కాదు. పేద రోగి తలపై నీ భారము పెట్టరాదు. అందుకే ప్రజల పన్ను గలదు, ధర్మాసుపత్రు లందుకే పుట్టినవి. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరునకు వచ్చి, పదునైదేండ్లు శ్రమించి, 1898లో స్త్రీలకు శిశువులకు నాసుపత్రి తెఱపించినపుడు, ధనము సముద్రముల కావలి సంఘములనుండి వచ్చినది. రోగి యీయలేనిది వేఱొకరు చెల్లింపవలయును. పనిచేసినవాని పొట్టనుండి కోయుట మాత్రము మూఁడవ మార్గము కాదు. స్తోమత గలిగియు బేరమాడు గృహస్థుల విషయము వేఱు. పెండ్లి పందిరికి లక్షలు వెచ్చించి, వడ్డించినవాని కూలిలో నూఱు తగ్గించినవారిని మేమెఱుఁగుదుము.

2020 మార్చిలో దేశమంతయుఁ దలుపులు మూసికొన్నప్పుడు ఏ పనులు నిలువరాదో ప్రభుత్వమే జాబితా వ్రాసి ప్రకటించినది. ఆసుపత్రి, పారిశుద్ధ్యము, పాలు, కూరగాయలు, విద్యుత్తు, సరకుల రవాణా! అత్యవసరములని పేరుపొందిన యా పనులవారిలో ననేకులు మన పత్రములలో “ఖాళీ” యని వ్రాయఁబడినవారు. ఆ దినములలోఁ జప్పట్లు కొట్టితిమి, దీపములు పెట్టితిమి. జీతముల సంగతి మఱచితిమి.

విద్యార్థులారా, మీలోఁ గొందఱు పై యంతస్తునకుఁ బోవుదురు; సంతోషము. వ్రాఁతపనిని, లెక్కపనిని యంత్రములే చేయుట యిటీవల మొదలైనందున, ఆ యంతస్తు మెట్లు మీ యన్నలకున్నంత స్థిరముగా మీకుండునని మేము చెప్పఁజాలము. పురిటిగదిలో బిడ్డను బట్టుకొను చేతికి బదులుగా నిలువఁగల యంత్రము మాత్రము మాకింకను గనఁబడలేదు. నర్సు చదువునకుఁ బోవుదునన్న కూఁతురిని వారించు తలిదండ్రులను మేము ప్రతి వేసవిలోఁ జూచుచున్నాము. వారించుటకుఁ గారణము పని కాదు, జీతమును మర్యాదయు చాలకపోవుటయే యని వారు నిజము చెప్పిన, మేమును వారి పక్షమున మాటలాడుదుము.

పరుల దోషములెన్ని మన గడపలోనిది మఱచుట న్యాయము కాదు. గత వార్షికోత్సవపు లెక్కలు మేము చూచితిమి. పూలదండలకు, దీపాలంకరణమునకు, ధ్వనివర్ధక యంత్రమునకు, అతిథుల ఫలాహారములకు వేఱువేఱుగాఁ బద్దులున్నవి. రసీదులును సరిగా నున్నవి. ఆ రాత్రి పదిగంటలు దాఁటువఱకు బల్లలు మోసి, విస్తళ్లెత్తి, మఱునాఁటి ప్రాతఃకాలమున ఆవరణమంతయు నూడ్చిన ఆఱుగురి పేర్లు వందనసమర్పణములో సేవ చేసినవారని చదువఁబడినవి, లెక్కలలో లేవు. వచ్చు సంవత్సరము ఆ లెక్కలలో అదనపుఁ బనికిఁ గూలి యని యొక పద్దు చేర్చవలసినదిగా పాఠశాల నిర్వాహకవర్గమును గోరుచున్నాము. దండల పద్దు కొంత తగ్గించిన ధనము సరిపోవును. ఎంత వ్రాయవలెనో ఆ ఆఱుగురిని బిలిచి యడుగుట మేలు.